లేని కోళ్ళకు యజమాని

మా పక్కింటి వెస్లీ థార్న్‌కి కోళ్ళున్నాయన్న సంగతి నాకు టీవీలో తెలిసింది.

అతనికీ నాకూ మధ్య ఉన్నది ఒక కర్ర కంచె. లాస్ ఆల్టోస్ కొండల మీద ఆప్రికాట్ చెట్లు కొట్టేయకుండా ఉంచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. చుట్టూ ఉన్నవాళ్ళంతా ప్రపంచాన్ని మార్చే పనిలో తలమునకలై ఉన్నారు. మా వీధిలో కుక్కల్ని షికారు తిప్పేవాడు కూడా పేరు కింద 'స్థాపకుడు' అని వేసుకుంటాడు. వెస్లీ వాళ్ళందరిలోకీ పెద్ద. మనిషిలా మాట్లాడే యంత్రాన్ని తయారుచేసే కంపెనీకి అధిపతి. అతని పెరట్లో గడ్డి ఎంత నున్నగా ఉంటుందంటే, ఒకసారి ఒక కాకి వాలబోయి, కాలు జారి నా తోటలో వచ్చి పడింది. అలాంటి పెరట్లో కోళ్ళెక్కడివి?

ఆ రోజు వాళ్ళ కొత్త యంత్రం ఎజ్రా విడుదల. మిగతా కంపెనీల యంత్రాలు తెలియనివాటికి కథలల్లి జనాన్ని ముంచుతున్నాయనీ, ఎజ్రా మాత్రం చచ్చినా అబద్ధమాడదనీ ఊరంతా చాటారు. వెస్లీ తన బూడిదరంగు స్వెట్టర్‌లో వేదిక మీదికి వచ్చాడు. ఆ స్వెట్టర్ మోచేతి దగ్గర చిన్న చిరుగు ఉంటుంది. దర్జీ చేత శ్రద్ధగా పెట్టించిన చిరుగు.

"రోజూ పొద్దున్నే ఫోను ముట్టుకోకముందు నా కోళ్ళ దగ్గరికి వెళ్తాను. వాటిలో ప్రూడెన్స్ అని ఒక కుంటిది ఉంది. అది నా ఒళ్ళో కూర్చుంటుంది. నిజాయితీ అంటే ఏమిటో నాకు నేర్పింది అదే" అన్నాడు. హాలంతా ఆహా అంది. వెస్లీ కన్ను చెమర్చింది.

సాయంత్రం అతనే కంచె దాకా వచ్చాడు. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో అంత దూరం నడిచి రావడం అదే మొదలు.

"పెద్దాయనా, మీ దగ్గర కోళ్ళున్నాయి కదా?" అన్నాడు.

"నీకూ ఉన్నాయటగా బాబూ. ఆ కుంటిదానికి ఎలా ఉంది ఒంట్లో?" అన్నాను.

అతను కంచె మీద తల వాల్చేశాడు.

జరిగింది ఇది. ఆ కంపెనీలో ఎవరూ సొంతంగా ఒక్క వాక్యం రాయకూడదు. రాజీనామా ఉత్తరం దగ్గర్నుంచి పెళ్ళిరోజు శుభాకాంక్షల దాకా అన్నీ ఎజ్రా చేతే రాయించాలి. మనం వండింది మనమే తినకపోతే ఊళ్ళోవాళ్ళకెలా పెడతామని ఆ నియమం పెట్టింది వెస్లీయే. అందుకని ఆ ఉపన్యాసమూ ఎజ్రా చేత రాయించారు. అధిపతిలో మనిషి కనబడేలా రాయమన్నారు, రాసింది. వెస్లీ దాన్ని ముందుగా చదవలేదు. చదివితే ముఖంలో తాజాదనం పోతుందని మరీసా శాసనం. మరీసా అంటే, లోకానికి వెస్లీ ఎలా కనబడాలో చూసుకునే మనిషి. అతను ఎంత మేర నవ్వాలో కూడా ఆవిడే చెబుతుంది. ఎదురుగా గాజుపలక మీద అక్షరాలు పైకి పాకుతుంటే అతను చదువుతూ పోయాడు. కోళ్ళు వచ్చినప్పుడు ఎవరివో అనుకున్నాడట. ప్రూడెన్స్ ఒళ్ళో కూర్చున్నాకే అవి తనవని తెలిసింది.

"మరి కన్నెందుకు చెమర్చింది?" అని అడిగాను.

"భయంతో" అన్నాడు.

భయపడడంలో అర్థముంది. కోళ్ళు లేవంటే, అబద్ధమాడని యంత్రం పుట్టినరోజు నాడే అబద్ధమాడిందని తేలిపోతుంది. దాన్ని అతను తలూపుతూ వల్లించాడనీ తేలిపోతుంది. అతనితో కలిసి కంపెనీ పెట్టిన గ్రెచెన్‌ని అధిపతి కుర్చీలో కూర్చోబెట్టాలని డైరెక్టర్లలో సగం మంది ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు. ఈ శనివారం పత్రిక నుంచి ఐలీన్ ఫుజిమోటో అనే ఆవిడ కోళ్ళను చూడడానికి వస్తోంది. ఆపై గురువారం డైరెక్టర్ల సమావేశం. కోళ్ళు లేకపోతే కుర్చీ లేదు.

మర్నాడు మరీసా వచ్చింది. నా కోళ్ళను అద్దెకు అడిగింది. అబద్ధానికి నా కోళ్ళెందుకమ్మా అన్నాను.

"ఇది అబద్ధం కాదు పెద్దాయనా. ఇంకా జరగని నిజం, అంతే" అంది.

నేనూ కోతలు కోసినవాణ్ణే. మా నాన్న పండించిన ఒక్క ఆప్రికాట్ పండుతో పెళ్ళివాళ్ళంతా కడుపునిండా తిన్నారని చెప్పి నమ్మించినవాణ్ణి. అయినా ఇంత చక్కటి మాట నా నోట ఎన్నడూ రాలేదు. ఆ మాటకు ముచ్చటపడి అద్దె లేకుండానే కోళ్ళు ఇస్తానన్నాను.

ఆవిడ పని మొదలుపెట్టింది. కొత్త గూడు కట్టించి, దాన్ని పాతగా కనబడేలా చేయడానికి వేరే మనిషిని పిలిపించింది. కట్టినవాడు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయాడు. పాతబరిచేవాడు మాత్రం పొద్దుగూకేదాకా పలకల మీద సన్న బ్రష్షుతో రెట్టలు గీస్తూ కూర్చున్నాడు. నా కోళ్ళు ఒక్క గంటలో ఊరికే చేసిపెట్టే పని అది.

తర్వాత ప్రూడెన్స్ ఎలా ఉంటుందో ఎజ్రానే అడిగారు. తెల్లటి ఒళ్ళు, నల్లటి మెడ, బ్లూబెర్రీలంటే ప్రాణం అని చెప్పింది. ఒకసారి డేగ తన్నుకుపోబోతే వెస్లీ ల్యాప్‌టాప్ అడ్డుపెట్టి కాపాడాడనీ, ఆ మూత మీద డేగ గోళ్ళ గాట్లు ఇప్పటికీ ఉన్నాయనీ చెప్పింది. వెంటనే పెద్ద చదువులు చదివిన ఇంజనీరు ఒకాయన ఫోర్కు పట్టుకుని మూత మీద గాట్లు పెట్టడానికి కూర్చున్నాడు. ఆ డేగ ఏమైందని ఎవరో నోరు జారి అడిగారు. అది వెస్లీతో స్నేహం చేసుకుని పెరట్లోని పైన్ చెట్టు మీదే ఉంటోందట. ఇక ఎజ్రాను ఒక్క ప్రశ్న కూడా అడగడానికి వీల్లేదని మరీసా ఆజ్ఞ జారీ చేసింది.

చిక్కల్లా కుంటితనం దగ్గర వచ్చింది. నా కోళ్ళన్నీ వస్తాదుల్లా నడుస్తాయి. కాలికి కట్టు కడదామంది మరీసా. నా కోడికి రోగం అంటగడితే ఒప్పుకోనన్నాను. చివరికి బెర్తాను ఇచ్చాను. తెల్లటి ఒళ్ళూ నల్లటి మెడా దానికి ఉన్నాయి. పైగా అది ఎంత బద్ధకస్తురాలంటే, గింజలు తన దగ్గరికి రావాలే తప్ప తాను కదలదు. కదలనిది కుంటిదో కాదో ఎవరు చెప్పగలరు? బెర్తా అన్నా పలికేది కాదు, ప్రూడెన్స్ అన్నా పలకలేదు. కాబట్టి పేరు మార్చడం సులువైపోయింది.

ఇక వెస్లీకి కోళ్ళు అలవాటు కావాలి. మొదటి పొద్దున వాటి ముందు నిలబడి, తీరిక చేసుకుని వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పాడు. మేత కోసం వచ్చామన్నట్టు అవి అతని బూట్లు పొడిచాయి. ముందున్న సవాళ్ళ గురించి ఏదో మొదలుపెట్టేసరికి, బెర్తా తప్ప అన్నీ లేచి వెళ్ళిపోయాయి. అది కూడా ఆసక్తితో ఉండిపోలేదు.

శుక్రవారానికి మనిషి దారికొచ్చాడు. గడ్డిలో చతికిలబడి, బెర్తాను ఒళ్ళో పెట్టుకుని, తనలో తాను మాట్లాడుకున్నట్టు మాట్లాడుతున్నాడు. నేను చెట్టు చాటున ఉన్నాను. ఎదురుగా గాజుపలక లేదు కదా, మాటలు తడుముకుంటూ వస్తున్నాయి. ఎజ్రా ఏది ఎందుకు చెబుతుందో తనకు నిజంగా తెలియదనీ, కంపెనీలో ఎవరికీ తెలియదనీ, ఆ మాట పైకి అంటే కొంప మునుగుతుందనీ కోడికి చెప్పుకుంటున్నాడు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

శనివారం ఐలీన్ వచ్చింది. అరవై దాటిన మనిషి, రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. తప్పులు వెతికే రకం కాదు, అతన్ని మెచ్చుకోవాలనే వచ్చింది. గూడు చూసి ముచ్చటపడింది. బెర్తా వెస్లీ ఒళ్ళో బ్లూబెర్రీలు తింటుంటే ఫోటోలు తీయించింది. డేగ కథ విని, ల్యాప్‌టాప్ మీది గాట్లు వేలితో తడిమి, ఆ డేగ ఎక్కడుంటుందని అడిగింది. మరీసా మాట మార్చబోయింది.

"అదేనా?" అంది ఐలీన్, పైన్ చెట్టు వైపు చూస్తూ.

మీరు నమ్మండి, నమ్మకపోండి, కొమ్మ మీద నిజంగానే డేగ కూర్చుని ఉంది. మరీసా తెప్పించిందేమోనని నేను ఆవిడ వంక చూశాను. నేను తెచ్చానేమోనని ఆవిడ నా వంక చూసింది.

అంతా సవ్యంగా జరిగిపోయింది. ఐలీన్ కలం మూసి, సంచీ భుజాన వేసుకుంది. కుర్చీ నిలబడిందని మరీసా ఊపిరి పీల్చుకుంది.

"ఒక్క మాట చెప్పి వెళ్తాను" అంది ఐలీన్. "మా అక్కకు చక్కెర జబ్బు. ఎవరి మాటా నమ్మదు, డాక్టరుతో సహా. మీ ప్రసంగం విన్నాక మాత్రం ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో మీ ఎజ్రాను అడిగి వేసుకుంటోంది. కుంటి కోడిని ఒళ్ళో పెట్టుకునేవాడు నాకు అబద్ధం చెప్పడే అంటుంది. అందుకే మిమ్మల్ని కళ్ళారా చూద్దామని వచ్చాను. ఇప్పుడు నాకూ ధైర్యంగా ఉంది."

బెర్తా మెడ నిమురుతున్న వెస్లీ చెయ్యి ఆగిపోయింది. మరీసా నవ్వమన్నట్టు తన బుగ్గ మీద వేలు పెట్టి చూపించింది.

"అడగొద్దని చెప్పండి" అన్నాడు.

"ఏమిటి?"

"మీ అక్కగారిని దాన్ని అడగొద్దని చెప్పండి. ఇప్పుడే ఫోన్ చేయండి. నాకు కోళ్ళు లేవు. ఇవి ఆ పెద్దాయనవి. ఇది కుంటిది కాదు, దీని పేరు బెర్తా. అదంతా ఎజ్రా అల్లింది, నేను చదివాను."

మరీసాకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

ఐలీన్ పక్కకు వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది. ఇద్దరూ జపాను మాటలు కలిపి పోట్లాడుకున్నారు. అక్క డాక్టరు దగ్గరికి వెళ్తానన్నాకే ఆవిడ వెనక్కి వచ్చింది.

"ఇది రాయొచ్చా?" అని అడిగింది.

"రాయండి. దాని చేత మాత్రం రాయించకండి" అన్నాడు వెస్లీ.

ఆదివారం పత్రిక నిండా అదే. మరీసా ఓడిపోయే మనిషి కాదు. గురువారంలోగా ఉపాయం పట్టుకొచ్చింది. జనం యంత్రాలను గుడ్డిగా నమ్ముతున్నారేమో పరీక్షించడానికే కోళ్ళ కథ కావాలని చెప్పామని ప్రకటిస్తే చాలట. డైరెక్టర్లకు అది తెగ నచ్చింది. ఆ ప్రకటన మీద సంతకం పెడితే కుర్చీ నీదేనన్నారు. దాన్ని ఎజ్రాయే చాలా హృద్యంగా రాసిందని కూడా చెప్పారు.

సంతకం పెట్టనన్నాడు. ఎజ్రా మొదటి పేజీలోనే, ఇది లేనివి ఉన్నట్టు చెబుతుందని పెద్ద అక్షరాలతో వేస్తే ఉంటానన్నాడు. వాళ్ళు చేతులెత్తి ఓటు వేశారు. సాయంత్రానికల్లా అతను అధిపతి కాడు. గ్రెచెన్ ఆ కుర్చీలో కూర్చుని, మొదటి ప్రసంగంలోనే తనకు చిన్నప్పటినుంచీ తేనెటీగలు పెంచడం అలవాటని చెప్పింది. మరీసా తేనెటీగల పెట్టెల కోసం వెతుక్కుంటూ వెళ్ళిందని విన్నాను.

మర్నాడు పొద్దున వెస్లీ కంచె దగ్గరికి వచ్చాడు. స్వెట్టర్ లేదు, మామూలు చొక్కా. కోళ్ళు తిరిగి ఇచ్చేయాలి కదా అన్నాడు. వాటికి అక్కడే బాగున్నట్టుంది, ఉండనీ అన్నాను. అతని ముఖం వెలిగింది. గూట్లో గుడ్లు వెతికి రావడానికి వెళ్ళాడు. నున్నటి గడ్డిని కోళ్ళు అప్పటికే గోతులమయం చేసేశాయి. అతను వాటి మధ్య అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు.

"ఎన్ని పెట్టాయి?" అన్నాను.

ఖాళీ చేతులు చూపించాడు.

"ఒక్కటీ లేదు పెద్దాయనా. మొన్నటి హడావుడికి బెదిరినట్టున్నాయి. మళ్ళీ ఎప్పుడు పెడతాయో నాకు తెలియదు" అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఈ కొండ మీద ఉంటున్నాను. ఏమీ రాలేదనీ, ఎప్పుడొస్తుందో తెలియదనీ ఒకడు నోరు విప్పి ప్రకటించడం వినలేదు. అతను చెప్పింది అక్షరాలా నమ్మాను. కాఫీ తాగడానికి లోపలికి రమ్మన్నాను.