గోడ మీద పదో సినిమా

వీరదుర్గ ఎడమ చేత్తో శీలావతి చేపను తోక దగ్గర పట్టుకుని ట్రేలో పడుకోబెట్టింది. దాని పక్కన ఇంకొకటి, తల ఇటు, తోక అటు. పైన దోసెడు ఐసు. మళ్ళీ చేప, మళ్ళీ ఐసు. కైకలూరు రోడ్డు పక్క రేకుల షెడ్డులో పొద్దున్నే మొదలైన ఈ పని హౌరా వెళ్ళే లారీ కదిలేదాకా ఆగదు. ఆమె పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని కూర్చుంటుంది. ఇన్నేళ్ళ ఐసుకి వేళ్ళు మొద్దుబారిపోయాయి. సాయంత్రమయ్యేసరికి అన్నం కలుపుకోవడానికి కూడా వంగడం లేదు. అందుకే ఇవాళ్టితో మానేస్తోంది. చింతలపూడి దగ్గర పామాయిల్ తోటలో ఉంటున్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఈ సంగతి గుర్తు రాగానే మేస్త్రీ క్రీస్తుదాసు చూపు ఐసు మర వెనక గోడ మీదికి పోయింది.

ఆ గోడ మీద సుద్దతో రాసిన పది సినిమాల పేర్లున్నాయి. లోకంలో ఇంతవరకూ వచ్చిన సినిమాల్లో ఇవే గొప్పవని షెడ్డు తీర్పు. లోకాన్నెవరూ అడగలేదు, అది వేరే సంగతి. దీనికొక రూలుంది. ఏ సినిమా తరఫున వాదించే మనిషి షెడ్డులో ఉంటే ఆ సినిమాయే గోడ మీద ఉంటుంది. మనిషి పని మానేస్తే పేరు చెరిపేస్తారు. సుబ్బారావు భీమవరం రొయ్యల కంపెనీకి వెళ్ళిపోయిన రోజున ఆయనగారి పౌరాణికాలు రెండూ మధ్యాహ్నం భోజనాలకి ముందే మాయమైపోయాయి.

పదోది వీరదుర్గది. 'తూర్పింటి కోడలు'. చిన్నప్పుడు తమ లంక ఊరికి వచ్చిన టూరింగ్ టాకీసు డేరాలో చూసింది. షెడ్డులో ఇంకెవరూ దాన్ని చూడలేదు.

"దుర్గక్కా, ఏమీ అనుకోకండి. సాయంత్రం మీ సినిమా చెరిపెయ్యాలండీ" అన్నాడు క్రీస్తుదాసు.

"ఏం అనుకుంటానండీ దాసు గారూ. రూలు రూలే కదా" అంది ఆమె. కానీ చేతిలో చేప ట్రేలోకి తిన్నగా పడలేదు.

ఆ సినిమా కథ షెడ్డంతటికీ కంఠతా వచ్చు. గాలివానలో తల్లి చచ్చిపోతుంది. కూతురు గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంది. ఆ తర్వాత అదే తల్లి అదే గుమ్మంలో కూర్చుని, ఏమీ జరగనట్టు కూతురికి జడ వేస్తూ ఉంటుంది. ఎలా వచ్చిందో సినిమా చెప్పదు. దెయ్యమని క్రీస్తుదాసు వాదన. కవల అక్కచెల్లెళ్ళయి ఉంటారని లారీ డ్రైవరు జమీర్ అనుమానం. "ఎలా వచ్చిందో మీకెందుకండీ? వచ్చిందా లేదా తల్లి?" అనేది వీరదుర్గ. ఆ ఒక్క మాట మీద పదో స్థానం ఆమెకు వదిలేశారు.

"పిన్నీ, నేను వాదిస్తాలే. ఆ సినిమా దొరికింది" అంది పక్కన కూర్చుని చేపలు సర్దుతున్న బిందు. ఎవరో పాత సినిమాలు పోగేసి ఫోన్లలో చూసేలా పెట్టారట. రోజూ వెతికి వెతికి పట్టుకుంది.

టీ వేళకి ఐసు మర ఆపేసి, ఫోనుని బోర్లించిన ట్రేకి ఆనించి అందరూ చుట్టూ చేరారు. బిందు పాటలు దాటిస్తూ వేగంగా నడిపించింది. కాసేపటికే తల్లి గుమ్మంలో కూర్చుని కూతురికి జడ వేయడం మొదలుపెట్టింది.

"ఆగమ్మాయ్, ఇది తర్వాత కదా రావాలి?" అంది వీరదుర్గ.

సినిమా ఆగలేదు. పెళ్ళి, తగవు, గాలివాన. తల్లి చచ్చిపోయింది. కూతురు గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అంతే, శుభం అని పడింది.

ముందుగా జమీర్‌కి అర్థమైంది. "టూరింగ్ టాకీసు కదండీ పిన్నిగారూ. రీళ్ళు వెనకవి ముందూ, ముందువి వెనకా వేసేసుంటాడు ఆపరేటరు."

వీరదుర్గకు గుర్తుంది. లంక రేవులో పడవ నుంచి దించుతుంటే రీళ్ళ పెట్టె బోర్లా పడింది. ఆపరేటరు గట్టున కూర్చుని రీళ్ళు ఒక్కొక్కటే తువ్వాలుతో తుడుస్తుంటే పిల్లలంతా చుట్టూ మూగారు. ఆ ముందు వానాకాలంలోనే వాళ్ళమ్మ పోయింది. పోయినవాళ్ళు అలా వచ్చి జడ వేసి వెళ్తుంటారని సినిమా చూపించింది గనక ఆమె నమ్మింది. పొద్దున్నే దువ్వెన పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఎన్నాళ్ళు అలా కూర్చుందో ఆమెకే తెలియదు. నాన్న తిట్టేవాడు కాదు, పక్కనుంచి తప్పుకుని వెళ్ళేవాడు. ఇప్పుడీ ఫోనులో అమ్మ ఇంకోసారి పోయినట్టయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఎవరూ అడ్డుపడలేదు.

"డేరా నిండా జనమండీ. ఇదేంటని ఒక్కరూ అడగలేదు. ఎందుకంటారు?" అంది కళ్ళు తుడుచుకుని. ఆ సందేహం ఆమెకి ఇప్పుడే కొత్తగా పుట్టింది. ఊళ్ళో అందరికీ పోయినవాళ్ళున్నారు. వాళ్ళూ నమ్మారేమో, లేక ఇంటికెళ్ళి నవ్వుకున్నారేమో. అడుగుదామంటే ఆ పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

క్రీస్తుదాసు లేచి తడిగుడ్డ అందుకున్నాడు. "వరసలో చూస్తే మామూలు సినిమాయే అక్కా. బిందు వాదించినా నిలబడదు. మీరు చూసిన సినిమా ఆ ఒక్క లంకలోనే ఆడింది. ఇంకెక్కడా లేదు."

"అమ్మాయ్, వెనకది ముందూ, ముందుది వెనకా పెట్టడం అవుద్దా నీ ఫోనులో?" అంది వీరదుర్గ.

బిందు వేలితో జరిపింది. గాలివాన వచ్చింది. తల్లి పోయింది. కూతురు గుమ్మంలో ఏడ్చింది. శుభం పడకముందే బిందు మళ్ళీ జరిపింది. అదే గుమ్మంలో తల్లి కూర్చుని ఉంది. కూతురి జుట్టు మూడు పాయలు తీసి, ఒకదాని మీద ఒకటి వేస్తోంది. కూతురు నవ్వుతోంది.

క్రీస్తుదాసు చేతిలో గుడ్డ నీళ్ళు కారుతోంది.

"మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు.

సాయంత్రం లారీ నిండింది. టార్పాలిన్ కట్టి దిగిన జమీర్ గోడ వైపు చూసి, "ఏంటి మేస్త్రీ గారూ, ఇంకా చెరపలేదేం? రీళ్ళు తారుమారైతే అది గొప్ప సినిమా ఎలా అవుద్దండీ?" అని నవ్వాడు.

క్రీస్తుదాసుకి ఎక్కడలేని కోపం వచ్చింది. "రీళ్ళ సంగతి నీకెందుకయ్యా? వచ్చిందా లేదా తల్లి?"

"వచ్చిందనుకోండి, అయినా..."

"అయినా లేదు, గియినా లేదు. వచ్చింది!"

బిందు ఆయన వైపు చేరింది. హమాలీలు జమీర్ వైపు చేరారు. ఐసు మర చప్పుడును మించిపోయాయి అరుపులు. వీరదుర్గ కాసేపు నిలబడి విన్నది. వెళ్ళొస్తానని చెప్పబోయి, మధ్యలో అడ్డుపడడం బాగుండదని ఊరుకుంది. సంచీ చంకన పెట్టుకుని రోడ్డెక్కి, ఏలూరు వెళ్ళే ఆటో ఆపింది. ఆటో కదిలేదాకా చెవులు షెడ్డు వైపే ఉన్నాయి.

తగువు చల్లారాక బిందు "పిన్నీ" అంటూ వెనక్కి తిరిగింది. ఆమె చోట కడిగి ఆరబెట్టిన రబ్బరు తొడుగులు రెండున్నాయి, లోపల చేతులు లేకపోయినా వేళ్ళు చేపను పట్టుకున్నట్టే వంగి.