చివరి కుర్చీ ఓటు

ఓర్లాండోలో నరసింహ ఇంటి హాల్లో తెలుగు సంఘం కార్యవర్గం సమావేశమైంది. వసుమతికి చివరి కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు.

అది 1984. వసుమతి కరిబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవి నుంచి వచ్చింది. ఆమె భర్త శ్రీధర్ అక్కడి చమురు కర్మాగారంలో ఇంజనీరు. దీవి మీద ఎగిరేది అమెరికా జెండాయే. అయినా అక్కడ ఉండేవాళ్ళకి ప్రెసిడెంటు ఎన్నికలో ఓటు లేదు. వాళ్ళు వాషింగ్టన్‌కి పంపే ప్రతినిధి సభలో మాట్లాడతాడు గాని, చట్టాల మీద ఆఖరి ఓటు వేయలేడు. సంఘం నిబంధనలు రాసిన నరసింహకి ఈ పద్ధతి తెగ నచ్చి, దీవిలోని తెలుగు కుటుంబాలకీ అదే పెట్టాడు.

"గవర్నమెంట్ మోడలే ఫాలో అయ్యానండీ," అన్నాడు గర్వంగా.

"ఇదివరకు అమెరికాలోనే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నప్పుడు ప్రెసిడెంటుకి ఓటేశాను బాబూ," అంది వసుమతి. "విమానమెక్కి దీవిలో దిగేసరికి ఆ ఓటు పోయింది. గవర్నమెంటంటే ఎక్కడో ఉంటుంది. మా ఇంట్లో పెసరట్లు తిన్నవాడివి, నువ్వు కూడానా?"

అందరూ నవ్వారు. వసుమతీ నవ్వింది గాని, ఆమె మనసంతా ఒక శనివారం మీదే ఉంది. ఇండియా నుంచి కూచిపూడి బృందం వస్తోంది. వాళ్ళకి ఒక్క శనివారమే ఖాళీ. దీవిలో పిల్లలు కూచిపూడిని వీడియో క్యాసెట్లో తప్ప చూసెరగరు. ఆ శనివారం తమకి కావాలని చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు, తలలూపారు, ఆ వెంటనే మరిచిపోయి కొట్లాటలో పడ్డారు.

డాక్టరు రామమోహన్ ఆ శనివారం తన ఊరు టాంపాకి కావాలన్నాడు. రేణు తన ఊరు మయామీకి కావాలంది. చేతులెత్తితే చెరో మూడూ వచ్చాయి. కాఫీ తాగి మళ్ళీ ఎత్తారు. మళ్ళీ అంతే.

రామమోహన్ మెల్లగా చివరి కుర్చీ దగ్గరికి వచ్చాడు. "అక్కయ్యా, మీకు ఓటివ్వాలని నాకు ఎప్పట్నుంచో ఉంది."

"ఎప్పట్నుంచి తమ్ముడూ? కాఫీ తాగినప్పట్నుంచా?"

రేణు ఇటుపక్క చేరింది. "అక్కా, మీరు ఫ్లైట్ మారేది మయామీలోనే కదా! మీరు మా వాళ్ళే."

"ముందు ఆ ఓటేదో రానివ్వండమ్మా," అంది వసుమతి ఇద్దరికీ వినబడేలా.

ఆ రోజు మొదటిసారి ఆరు చేతులూ కలిసి లేచాయి. నరసింహ బిక్కమొహం వేసి చివరి కుర్చీకి ఓటు లేదన్న నిబంధన కొట్టేశాడు.

"ఇప్పుడు చెప్పండక్కయ్యా! టాంపాయేగా?"

"నేనూ మెంబర్నేగా, నాదో ప్రతిపాదన. శనివారం దీవికి!" అంటూ చెయ్యెత్తింది.

వసుమతి ఎత్తిన చెయ్యి దించలేదు.

రేణు రామమోహన్ వైపు చూసింది. టాంపాకి పోకపోతే చాలనుకున్నట్టుంది, చెయ్యెత్తింది. మయామీకి పోకపోతే చాలని రామమోహనూ ఎత్తాడు. మిగతావాళ్ళు వాళ్ళని చూసి ఎత్తారు.

"ఏకగ్రీవం!" అన్నాడు నరసింహ తెల్లబోయి. "వాషింగ్టన్‌లో కూడా ఇలాగే సాధించెయ్యండి మరి."

"అక్కడ కూడా రెండు పక్షాలూ సరిగ్గా సమానంగా కొట్టుకోవాలి బాబూ. అంతవరకూ మేం గుర్తుకు రాం," అని వసుమతి ఫోన్ అందుకుంది.

"ఏమండీ, బడి ఆడిటోరియం ఇవాళే బుక్ చేయండి. ఆ సిమెంటు నేల మీద ఆడితే కాళ్ళు పోతాయి, చెక్క పరిపించమని చెప్పండి."