ఎవరి కిలోమీటర్లు వారివే

ముగ్గురు తోడల్లుళ్ళు కలిసి ఒక కారు కొన్నారు. అందులో సీట్లు రెండే. ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. కానీ ఆలోచించే పనిని ఆ ముగ్గురూ ఎప్పుడూ ఒకరి మీద ఒకరు వదిలేసేవారు.

ఎర్రటి స్పోర్ట్స్ కారు. తొమ్మిదేళ్ళ పాతది. నేలకు జానెడెత్తున ఉంటుంది. ఎక్కాలంటే కూలబడాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. పెద్దల్లుడు బీమా కంపెనీలో ఆఫీసరు, ఆయనకు పొట్ట ఉంది కాబట్టి రెండు చేతులు అందించాలి. రెండో అల్లుడికి మందుల షాపుంది. మూడో అతను కళ్లద్దాల కొట్లో గుమాస్తా. మెత్తని మనిషి, ఎవరేం చెప్పినా తలూపే రకం. అతని వాటా డబ్బు అతని జేబులోంచి రాలేదు. భార్య ఏడేళ్ళు కూడబెట్టుకున్నది అతని చేతుల మీదుగా పోయింది, అంతే.

ఆ భార్యను పుట్టింట్లో అందరూ చిన్నది అంటారు. ముప్ఫై ఆరేళ్ళు వచ్చినా చిన్నదే. ఆమె ఒక బేకరీకి వ్యాను నడుపుతుంది. వేకువనే ట్రేలు ఎక్కించుకుని నలభై దుకాణాలకు బ్రెడ్డు వేసి వస్తుంది. వ్యాను అద్దెది. సంపాదనలో సగం దాని అద్దెకే పోతుంది. సొంత వ్యాను కొనుక్కోవాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. అలాంటి కార్లకు రోజురోజుకీ గిరాకీ పెరుగుతోందని, ఒక్క ఏడాది సరదాగా తిప్పుకుని అమ్మితే వ్యానుకు పోను ఇంకా మిగులుతుందని పెద్దబావ కోతలు కోశాడు. ఆమె మూడు రోజులు మొండికేసింది. నాలుగో రోజు పెద్దక్క ఫోను చేసి, మీ బావ మాట మీద నమ్మకం లేదా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడాది తిరిగేసరికి నా డబ్బు నా చేతిలో పడాలి అని ఒక్క మాట చెప్పి చిన్నది ఇచ్చేసింది. ఇచ్చిన దగ్గర్నుంచి ఆ కారంటే ఆమెకు ఒళ్ళు మంట.

కొన్నరోజే మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్ళారు. అతను ఆయిల్ మార్చి, చీటీ మీద తేదీ, కిలోమీటర్లు రాసి, అద్దం మూలన అంటించాడు. ఇంకో ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగాక గాని, ఏడాది అయ్యాక గాని, ఏది ముందొస్తే అప్పుడు మళ్ళీ మార్చాలని చెప్పాడు. ఈ మధ్యలో పదిహేను రోజులకోసారి ఆయిల్ ఎంత ఉందో చూసుకోమన్నాడు, ఇలాంటి ఇంజిన్లు తాగుతాయట. బిల్లు చూసి ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. తొమ్మిది లీటర్లు, అదీ ఖరీదైన రకం. ఆ డబ్బుతో బ్రెడ్డు వ్యానుకు రెండేళ్ళు ఆయిల్ పోయొచ్చని చిన్నది అక్కడే అంది. బ్రెడ్డు వ్యానుకూ దీనికీ పోలికేమిటమ్మా అని రెండో బావ నవ్వాడు.

ఆ రోజు నుంచి వారానికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. కారు మీద ఖర్చు పెట్టలేదని ఎవరూ అనలేరు. పెద్దబావ పాలిష్ చేయించాడు. రెండో బావ సీట్లకు తోలు కవర్లు వేయించాడు. చిన్నదాని మొగుడు కూడా తగుదునమ్మా అని చక్రాలకు మెరుగుపెట్టే పేస్టు కొని తెచ్చి, ఆదివారమంతా చతికిలబడి రుద్దాడు. నలుగురి కంటా పడే చోటికల్లా డబ్బు చేరింది. ఇంజిన్ లోపల ఏముందో వీధిలోవాళ్ళకు కనబడదు, కాబట్టి వీళ్ళకూ కనబడలేదు.

అసలు తెలివంతా కిలోమీటర్ల దగ్గర బయటపడింది. ఎవరి వారంలో ఎంత తిరిగారో ఎవరికి వారు రాసుకునేవారు. పదో నెలలో ఒక భోజనాల రోజున ఆ లెక్కలు బయటికొచ్చాయి. పెద్దబావ మూడు వేల నాలుగు వందలు తిప్పాడు. ఎనిమిది వేలకు ఇంకా సగం కూడా కాలేదు కదా, నేనెందుకు మార్పించాలి అన్నాడు. రెండో బావవి నాలుగు వేలకు కాస్త తక్కువ. ఆయనదీ అదే మాట. చిన్నదాని మొగుడు అందరికన్నా తక్కువ తిప్పాడు కాబట్టి అందరికన్నా గట్టిగా తలూపాడు. మూడూ కలిపితే ఎంతవుతుందో చిన్నది వడ్డిస్తూనే లెక్కకట్టింది. పది వేలు దాటిపోయింది. ఒకడు బీమా లెక్కలు వేస్తాడు, ఒకడు మాత్రలు లెక్కపెట్టి అమ్ముతాడు, ఒకడు కళ్ళకు నంబర్లు రాస్తాడు. ముగ్గురికీ కూడిక రాదు. ఆమె నోరు తెరవబోయింది. ఈలోగా రెండో బావ, మన డ్రైవరమ్మ ఏమంటుందో అడగండి అని వెటకారం చేశాడు. అందరూ నవ్వారు. ఆమె గరిటె పళ్ళెంలో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి వారం వాళ్ళ వంతు వచ్చింది. మొగుడు ఆమెను కొట్టు దాకా ఎక్కించుకెళ్ళి, కారు వీధిలో ఆపి, అక్కడ మరిచిపోయిన ఇంటి తాళం తెస్తానని లోపలికెళ్ళాడు. దారిపొడవునా ఇంజిన్‌లోంచి టిక్కు టిక్కుమని సన్నగా చప్పుడు వస్తూనే ఉంది. నడిపేవాడు పాటలు పెట్టుకుని విన్నాడు. ఆమె దిగి బానెట్ ఎత్తింది. ఆయిల్ చూసే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. కింది గీత దాకా కూడా లేదు. కొసన అంటుకున్న కాస్తా తారులా ఉంది. పుల్ల యథాస్థానంలో పెట్టి, బానెట్ దించి, చేతులు తుడుచుకుంది.

చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం డ్రైవరమ్మ అన్న మాట గుర్తొచ్చింది. తగిన శాస్తి అనుకుంది. ఏడాది దగ్గరపడింది, నెలరోజుల్లో కొనేవాడు వస్తాడు, వెంట మెకానిక్కును తెచ్చుకుంటాడు, పుల్ల లాగి ముగ్గురి మొహాన పెట్టి చూపిస్తాడు. ధర కాస్త తగ్గితే తగ్గనీ, వీళ్ళ పొగరు దిగుతుంది. ఆ దృశ్యం తలుచుకుంటూ ఆమె ఆ నెలంతా హుషారుగా బ్రెడ్డు వేసింది. ఏ బావకు ఏ మాట అంటించాలో కూడా సిద్ధం చేసుకుంది.

కొనేవాడు వచ్చాడు గాని మెకానిక్కును తేలేదు. కుర్రతనం పోని నడివయసు మనిషి, ఎరుపు చూసి మైమరచిపోయాడు. ఒకసారి నడిపి చూస్తానన్నాడు. పెద్దబావ ఆనందంగా పక్కన కూలబడ్డాడు. ఊరి బయట రోడ్డెక్కగానే ఆ మనిషి కాలు నొక్కిపట్టాడు. రెండో మలుపు దాటుతుండగా లోపల ఎవరో సమ్మెట పెట్టి కొట్టినట్టు నాలుగు దెబ్బలు వినబడ్డాయి, అంతే, బండి నిలిచిపోయింది. లారీ మీద వేసి తెచ్చారు. మెకానిక్కు గంటసేపు చూసి, ఇంజిన్ పోయిందన్నాడు. మరో ఇంజిన్ వేయాలంటే కారు కొన్న ధర కన్నా ఎక్కువవుతుందన్నాడు. పాత ఇనుము కింద అడిగేవాళ్ళుంటే ఇచ్చుకోమన్నాడు.

సాయంత్రం అందరూ పెద్దక్క ఇంట్లో చేరారు. పెద్దబావ రెండో బావ మీదికి నెట్టాడు. రెండో బావ కొనడానికొచ్చినవాడి మీదికి నెట్టాడు. పెద్దక్క ముక్కు చీదుతోంది. చిన్నదానికి వ్యాను పోయింది, ఏడేళ్ళు పోయాయి. అయినా ఈ ముగ్గురినీ కడిగిపారేసే సమయం ఎట్టకేలకు వచ్చింది కదా అని నిటారుగా కూర్చుంది.

"పది వేల కిలోమీటర్లు తిప్పారు కదా బావా, మీలో ఒక్కరైనా బానెట్ ఎత్తి ఆయిల్ ఉందో లేదో చూశారా?" అంది.

జవాబు మొగుడి నుంచి వచ్చింది. అతని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఆ రెండూ అతనికి చేతకావు.

"నువ్వు చూశావు కదా," అన్నాడు.

ఆమె చప్పున మొగుడి వైపు తిరిగింది.

"కొట్లోంచి అద్దంలో కనబడ్డావు. పుల్ల తీసి రెండుసార్లు చూశావు. తిరిగొచ్చాక ఏమీ అనలేదు. నీకు తెలియంది ఏముంది, తేడా ఉంటే చెప్పేదానివి కదా అనుకున్నాను."

రెండో బావ నెమ్మదిగా అందుకున్నాడు. ఈసారి ఆయన మాటలో వెటకారం లేదు.

"ఆ వారమే నేను ఆయిల్ మార్పిద్దామన్నానమ్మా. ఆ రోజు నువ్వు లేచి వెళ్ళిపోయాక లెక్క కలిపి చూసుకున్నాను. మీ ఆయనే వద్దన్నాడు. 'మా ఆవిడ చూసింది, ఢోకా లేదు' అన్నాడు. నువ్వు చూశాక ఇంక మేం చూసేదేముందని ఊరుకున్నాం."

గదిలో అందరూ ఆమె చెప్పబోయే మాట కోసం చూస్తున్నారు. మొగుడు కూడా చూస్తున్నాడు, ఎప్పటిలాగే, ఆమె ఏం చెప్పినా తలూపడానికి సిద్ధంగా.