రెండు గజాలు తక్కువ

నా మొగుడికి ముప్పై తొమ్మిదేళ్లు. బయటి లోకంలో ఈ వయసు మగాణ్ణి ఇంకా కుర్రాడనే అంటారు. కాస్త పొట్ట వస్తుంది, కాస్త జుట్టు పోతుంది, అంతే. చేత్తో విసిరి ఆడే మా అమెరికా ఫుట్‌బాల్‌లో మాత్రం వేడ్ కొవాలిక్‌ని జట్టంతా తాతా అని పిలుస్తుంది. పదహారేళ్లుగా ఈ సరస్సు ఒడ్డు ఊరి జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అతనే. బంతి అందుకోవడం, పరిగెత్తేవాళ్లలో ఎవరికి వెయ్యాలో చూడటం, మీద పడేవాళ్లు వచ్చేలోగా విసరడం అతని పని. ఆదివారం గెలిస్తే సోమవారం బేకరీ అతను నా సంచిలో ఒక డోనట్ ఎక్కువ వేస్తాడు. ఓడితే అదే మనిషి రొట్టె కోస్తూ నా మొహం చూడడు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు ఈ ఊరికి వేడ్ ఎప్పటికీ వేడే. టీవీలో సూట్లేసుకున్న పెద్దమనుషులైతే "ఈ వయసులో కూడా ఏం ఆట, ఏం అనుభవం" అని నోరారా పొగుడుతారు. పొగడటానికి వాళ్లదేం పోయింది. ఆ ఏనుగు పక్కన పడుకునేది నేను. ఎడమ నుంచి కుడికి తిరగడానికి అది ఎంత మూలుగుతుందో నేనే వినాలి. మా ఫ్రిజ్‌లో కూరగాయలకన్నా ఐసు ఎక్కువ. మా దుప్పట్లకి పట్టిన నొప్పుల మందు వాసన ఎన్ని ఉతుకులకీ వదలదు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది పోయిన ఏడాది నవంబర్‌లో జరిగింది. ఇద్దరు ఒకేసారి మీద పడ్డారు, వేడ్ తల నేలకి కొట్టుకుంది. లేచి, హెల్మెట్ సర్దుకుని, నింపాదిగా అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఆ వారమంతా మా అమ్మాయిని మా చెల్లెలి పేరుతో పిలిచాడు. ఇంకొక్క దెబ్బ అలాంటిది తగిలితే ఏమవుతుందో డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

అప్పుడే ఆపెయ్యమన్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, మా వాడు వినలేదు. కానీ ఒక మాట ఇచ్చాడు.

"విసిరే చెయ్యి పోయిన రోజు ఎవ్వరూ నాకు చెప్పక్కర్లేదు రెనీ. నేనే ఆపేస్తా. నాకా మాత్రం సిగ్గుంది."

ఆ మాట నమ్మాను. అతని సిగ్గు నాకు బాగా తెలుసు. స్కూల్లో ఉన్నప్పుడే ఓడిన రోజున నాతో ఐస్‌క్రీమ్ తినడానికి కూడా సిగ్గుపడేవాడు. ఆ సిగ్గే ఎప్పటికైనా అతన్ని ఇంటికి తీసుకొస్తుందని లెక్కేసుకున్నాను.

ప్రతి జూలైలో, జట్టు సాధన మొదలుకాకముందు, మా పెరట్లో నాకు బంతులు విసురుతాడు. పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. పది బంతులు పట్టేసరికి నా అరచేతులు ఎర్రబడి, ఆ సాయంత్రం కాఫీ కప్పు కూడా పట్టుకోనిచ్చేవి కావు. ఈ జూలైలో అరగంట సేపు పట్టాను. లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, హాయిగా వంట చేసుకున్నాను. వంట మధ్యలో గుర్తొచ్చి గరిటె వదిలేశాను.

"నీ బంతిలో పస లేదు" అన్నాను, రాత్రి భోజనం దగ్గర.

"నీ చేతులు మొద్దుబారాయేమో."

అంతటితో సరి. సెప్టెంబర్‌లో ఆటలు మొదలయ్యాయి. చిత్రమేమిటంటే, గెలుస్తూ వచ్చారు. పొడుగు బంతులు లేవు, అన్నీ చిన్న చిన్నవి, టక్‌టక్‌మని. టీవీవాళ్లు దానికి తెలివి అని పేరు పెట్టారు. వేడ్ నన్ను చూసి కనుబొమలు ఎగరేసేవాడు. నేనే తప్పేమో అనుకున్నాను కూడా. కానీ ఏ ఏడూ తిననన్ని దెబ్బలు ఈసారి తింటున్నాడు. ప్రతి ఆదివారం వీపు మీద కొత్త మచ్చ. గెలిచేవాడికి ఇన్ని దెబ్బలేమిటో నాకు అర్థం కాలేదు.

అర్థమైంది నవంబర్‌లో, ఒక గురువారం.

గురువారం సాయంత్రం మా ఇంట్లో విందు. వేడ్ ముందు గోడలా నిలబడి, మీదికి ఎవర్నీ రానివ్వకుండా అడ్డుకునే ఐదుగురికి క్వార్టర్‌బ్యాక్ ఇంట్లో అన్నం పెట్టడం మా వాళ్ల ఆచారం. తిండి పెట్టిన చేతిని మనసు పెట్టి కాపాడతారని నమ్మకం. ఒక్కొక్కడూ నిలువెత్తు బీరువా. మా అత్తగారు నేర్పిన, పిండిలో బంగాళాదుంప కూరి ఉడికించే పీరోగీలు పెద్ద గంగాళం నిండా చేస్తాను, పంది పక్కటెముకలు రెండు పళ్లేలు. ఆరోవాడు ఓటిస్ బ్రాడ్‌నాక్స్, పిలవకపోయినా వస్తాడు. అతను గోడలో మనిషి కాదు, పరిగెత్తి వేడ్ బంతులు పట్టుకునేవాడు. తొమ్మిదేళ్లుగా పడుతున్నాడు. మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో నాకన్నా వాడికే బాగా తెలుసు.

"తాతా, ఎముక కొరకగలవా, మెత్తగా నూరి పెట్టమనాలా?" అన్నాడు టావిటా. ఐదుగురిలోనూ పెద్ద బీరువా వాడు.

"నీ పళ్లు తినడానికే పనికొస్తాయిరా. మొన్న నీ పక్కనుంచి దూరినవాడు నా వీపెక్కి పడుకున్నాడు. వాడికి దుప్పటి కూడా కప్పొచ్చావా?" అన్నాడు వేడ్.

బల్ల అదిరేలా నవ్వారు. ఓటిస్ నవ్వలేదు. ఖాళీ పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, మాడిన అంచులు గిల్లుకు తింటున్నాడు. నేను తలుపు దగ్గరగా వేశాను.

"ఓటిస్, ఒకటి అడుగుతా. అబద్ధమాడితే పట్టేస్తా."

"అయితే అడక్కు రెనీ."

"నువ్వు పద్దెనిమిది గజాలు పరిగెత్తి వెనక్కి తిరుగుతావు చూడు, ఆ ఆట తొమ్మిదేళ్లుగా చూస్తున్నా. మొన్న గీత రాకముందే తిరిగావు. అంతకుముందు వారం కూడా."

"మోకాలు నెప్పి."

"ఏ మోకాలు?"

ఏ మోకాలో వాడికి వెంటనే గుర్తు రాలేదు. పళ్లెం కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆగస్టులో కోచ్ మమ్మల్ని పిలిచాడు, తాతకి తెలీకుండా. బంతి చేరట్లేదు, మీరే రెండు గజాలు తగ్గించుకోండి అన్నాడు. ఎక్కడ తిరగాల్సినవాళ్లు అక్కడికి రెండు గజాల ముందే తిరుగుతున్నాం. తాత మా భుజం తిరగడం చూసి విసురుతాడు, కింద గీత చూడడు కదా."

"తర్వాత వీడియోలో చూస్తాడుగా?"

"చూసి తిడతాడు. జారానంటా, మోకాలంటా. చూడకూడదనుకున్నవాడికి వీడియో ఏం చూపిస్తుంది చెప్పు."

"మరి ఈ దెబ్బలేంట్రా?"

వాడు నేల చూపులు చూశాడు. "అవతలివాళ్లకి తెలిసిపోయింది. తమ వెనక దాకా పొడుగు బంతి రాదని. ఇదివరకు ఇద్దరు ముగ్గురు వెనక కాపలా ఉండేవాళ్లు. ఇప్పుడంతా ముందుకే వచ్చి నిలబడుతున్నారు. ఐదుగురు ఎంతమందిని ఆపుతారు? మేం ఆయన పరువు కాపాడదామనుకున్నాం రెనీ."

"పరువు కాపాడి, మనిషిని వాళ్లకి అప్పజెప్పారు."

గట్టిగానే అన్నాను. వాడి కళ్లలో నీళ్లు చూశాక ఇంకేమీ అనలేకపోయాను. ప్రేమతో చేశారు. ప్రేమతో చేసినదాన్ని తిట్టడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

వాళ్లు వెళ్లగానే వేడ్‌కి చెప్పేశాను. కింది గదిలో ఐసు తొట్టిలో నడుం దాకా మునిగి ఉన్నాడు. ముందు నవ్వాడు. ఓటిస్ పేరు చెప్పాక నవ్వు ఆగింది.

"ఎవరెవరికి తెలుసు?"

"నీకు తప్ప అందరికీ."

చాలాసేపు ఐసు ముక్కల్ని చేత్తో అటూ ఇటూ తోశాడు.

"ఆదివారం చూద్దాం" అన్నాడు.

ఆదివారం సన్నగా మంచు పడుతోంది. ఆట మొదట్లోనే వేడ్ ఓటిస్ హెల్మెట్ పట్టుకుని దగ్గరికి లాక్కుని ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు స్టాండ్లోంచే తెలిసిపోయింది. ఓటిస్ పరిగెత్తాడు, ఈసారి గీత దాకా వెళ్లి తిరిగాడు. బంతి గాలిలో ఉంది. ఇంకా గాలిలోనే ఉంది. అవతలి కుర్రాడు తీరిగ్గా మధ్యలోకి వచ్చి దాన్ని పట్టుకుపోయాడు. రెండోసారి కూడా అంతే. మూడోది ఓటిస్ ముందు నేలమీద పడింది, వాడు వంగి దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

నా వెనక సీట్లో ఒకడు "ఆ ముసలాణ్ణి ఇంటికి పంపండ్రా" అని అరిచాడు.

నేను వెనక్కి తిరిగి, "పంపిస్తే ముందు నీకే బీరు పోయిస్తాను నాయనా" అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిశాక టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

ఆఖరికి ఊరు ఊరంతా ఈలలు వేసి వెక్కిరించింది. పదహారేళ్లలో ఎన్నడూ లేదు. చిత్తుగా ఓడిపోయారు. ఇంటికి వస్తూ కారులో వేడ్ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"నిజమే చెప్పావు. పోయింది రెనీ" అన్నాడు.

నేను బండి పక్కకి తీసి ఆపి ఏడ్చాను. జాలితో ఏడుస్తున్నానని అనుకున్నాడు, నా తల నిమిరాడు. జాలి లేకపోలేదు. కానీ ఎక్కువ భాగం సంతోషం, అది చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. మర్నాడు పొద్దున్నే మా చెల్లెలికి ఫోన్ చేసి "అయిపోయిందే" అన్నాను. మంగళవారం వేడ్ కోచ్ దగ్గరికి వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చాడు. వచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. ఆ రాత్రి ఇద్దరం కలిసి గిన్నెలు కడిగాం. ఏం మాట్లాడాడో నేను అడగలేదు. చెప్పాల్సింది చెప్పి వచ్చాడనుకున్నాను.

అందుకే ఆ గురువారం వీడ్కోలు విందులా చేశాను. రెండు రకాల పీరోగీలు, పక్కటెముకలు మూడు పళ్లేలు, టావిటాకి ఇష్టమని కొబ్బరి కేకు. అందరూ చావింటికి వచ్చినట్టు వచ్చారు. తాతా అని ఎవరూ పిలవలేదు. ఓటిస్ తలెత్తకుండా తింటున్నాడు.

సగం భోజనాలయ్యాక వేడ్ చేతులు తుడుచుకున్నాడు.

"మొన్న ఓటిస్‌ని గీత దాకా వెళ్లమన్నది నేనే. తప్పు నాది" అన్నాడు. "ఆగస్టు నుంచి మీరు చేస్తున్నది తెలిసింది. కోపమేం లేదు."

టావిటా గట్టిగా ఊపిరి వదిలాడు. నేను కేకు కొయ్యడానికి కత్తి తీసుకున్నాను.

"కోచ్‌తో మాట్లాడా. రెండు గజాలు చాలట్లేదు. నాలుగు తగ్గిద్దాం. ఓటిస్, ఇకనుంచి నువ్వు పద్నాలుగు దగ్గర తిరుగు. కుర్రాళ్లకి నువ్వే నేర్పు. ఈ ఏడాది ఇలా లాగేస్తే వచ్చే ఏడాదికి ఎత్తులన్నీ దీనికి తగ్గట్టే వేస్తానన్నాడు."

నా చేతిలో కత్తి కేకు మీదే ఆగిపోయింది.

"టావిటా, వాళ్లు ఇంకా ముందుకొస్తారు. మీరు ఇంకొంచెం గట్టిగా నిలబడాలి, అంతే."

"ఎంతసేపు నిలబడతాం తాతా?" అన్నాడు టావిటా. ఎగతాళి చేసే గొంతు కాదు.

"ఎంతసేపైతే అంతసేపు."

ఓటిస్ నా వైపు చూశాడు. కాదనమని నేను కళ్లతోనే అడిగాను. వాడు నోరు తెరిచేలోగా వేడ్ బల్ల మీదుగా చెయ్యి చాపి వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఓటిస్. నాకు ఇంకో పని చేతకాదురా."

వాడు తల దించుకుని "సరే తాతా" అన్నాడు. తర్వాత టావిటా. తర్వాత మిగతా నలుగురూ, ఒకరి తర్వాత ఒకరు.

నేను కత్తి అక్కడే పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. వెనకాలే వచ్చాడు. నా దగ్గర తిట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి, పదహారేళ్లవి.

"చెయ్యి పోయిన రోజు ఆపేస్తానన్నావు. సిగ్గుందన్నావు."

"ఉండేది" అన్నాడు.

గొంతులో కోపం లేదు. బుకాయింపు లేదు. సింకు అంచు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా కాలర్ పక్కనుంచి ఆదివారం నాటి కమిలిన మచ్చ మెడ దాకా కనిపిస్తోంది.

"ఇంకొక్క ఏడాది రెనీ. అడుక్కుంటున్నాననుకో. నువ్వు కూడా వాళ్లముందు ఏమీ అనకు."

ఈ మనిషి పొగరుతో నేను పాతికేళ్లుగా పోట్లాడుతున్నాను. దానితో ఎలా పోట్లాడాలో నాకు తెలుసు. ఇప్పుడు అది లేదు. పోట్లాడటానికి నాకేమీ మిగల్లేదు. అవతల గదిలో ఆరుగురూ తినడం మానేసి మేమేం మాట్లాడతామా అని వింటున్నారు.

"సరే" అన్నాను. అచ్చం ఓటిస్ అన్నట్టే అన్నాను.