ఒకేసారి నొక్కని బటన్లు

హిందూపురంలో మా చిన్న వర్క్‌షాపులో పట్టుపురుగుల షెడ్లకు పెట్టెలు తయారు చేస్తాం. షెడ్డులో ఎంత వేడి ఉండాలో ఆ పెట్టె చూసుకుంటుంది. లోపల క్రాంతి కుమార్ సార్ రాసిన చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అందులో రెండు పనులు ఒకేసారి నడుస్తాయి. ఒకటి హీటరుది, ఇంకొకటి నీళ్ల తుంపరది. రెండూ ఒకే అంకెను మారుస్తాయి. ఒకటి రాస్తుండగా రెండోది దానిమీదే రాసేస్తే, హీటరు ఆపమన్న మాట చెరిగిపోతుంది.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిన నాకు ప్రోగ్రాం తెలియదు. పరీక్ష తెలుసు. బల్లకు ఈ చివర ఒక బటన్, ఆ చివర ఒకటి. రెండు చేతులూ చాచి రెండూ ఒకేసారి నొక్కాలి. ఒక్కో బటన్ ఆ అంకెకు వెయ్యిసార్లు ఒకటి కలుపుతుంది. చివరికి తెరమీద రెండువేలు రావాలి. ఇలా యాభైసార్లు.

సోమవారం నా బిడ్డకు జ్వరం. ఇంట్లో చూసేవాళ్లు లేక వెంట తెచ్చుకున్నాను. నా ఎడమచేతిమీద నిద్రపోయింది. కదిపితే లేచి ఏడుస్తుందని, కుడిచేత్తో ఒక బటన్ నొక్కి, అది అయ్యాక మెల్లగా జరిగి రెండోది నొక్కాను. యాభైసార్లూ రెండువేలే. రిజిస్టరులో ‘ఒకేసారి నొక్కినాను, సరిగా ఉంది’ అని రాసి సంతకం పెట్టాను.

బుధవారం ఆ పెట్టెను పెనుకొండ దగ్గర పట్టుపురుగులు పెంచే చౌడక్క షెడ్డులో బిగించారు.

గురువారం బిడ్డను, ఊరి నుంచి వచ్చిన మా అత్త దగ్గర వదిలి వచ్చాను. ఇంకో పెట్టె, అదే ప్రోగ్రాం. రెండు చేతులతో నొక్కాను. ఆరోసారి రెండువేలకు పద్నాలుగు తక్కువ వచ్చింది.

పక్క బల్లమీద వైర్లు అతికిస్తున్న జమ్రూద్ నన్ను చూసింది. “ఏమే ఉలిగమ్మా, దయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు?”

“తక్కువ వస్తాండాది అక్కా.”

“రానీలే. తప్పు పట్టేదానికే గదా నిన్ను ఈడ కూర్చోబెట్టినారు. సార్ నెత్తి గోక్కుంటాడు.”

“చౌడక్క పెట్టె నేను ఒక్క చేత్తో చూసినా.”

జమ్రూద్ చెయ్యి ఆగింది. గొంతు తగ్గించి, “ఎవురికి తెలుస్తాది? తప్పు ప్రోగ్రాందే గదా” అంది.

ఆ మాట నేను అప్పటికే అనుకున్నాను. అందుకే ఇంకా సిగ్గేసింది.

పని పోతుందని భయమున్నా సార్‌కు చెప్పాను. ఆయన తిట్టలేదు. “ముందు చౌడక్కకు ఫోన్ చెయ్. నువ్వే చెయ్” అన్నాడు.

“అక్కా, ఆ పెట్టె ఆపు. హీటరు నువ్వే చూసుకో.”

“యాలమ్మా? పొద్దున్నుంచి ఉడుకుగానే ఉండాది. పెట్టె చూసుకుంటాది లెమ్మని తోటకు పోయి ఇప్పుడే వచ్చినా. యాభైసార్లు చూసి పంపినారంట గదా?”

“సరిగ్గా చూడలేదక్కా. బిడ్డకు జ్వరమని ఎత్తుకోనుంటి.”

అవతల పరుగు, తలుపు చప్పుడు. చాలాసేపటికి మళ్లీ ఆమె గొంతు వినిపించింది.

“పైన మూడు తట్టల్లోవి చచ్చిపోయినాయి. కింద పురుగులు కదలతాండాయి.” ఊపిరి తీసుకుంది. “బిడ్డకు తగ్గిందా?”



రిజిస్టరు తెచ్చి ఆ వరుస కొట్టేశాను. కింద ‘ఒకదాని తర్వాత ఒకటి నొక్కినాను. ఒకేసారి నొక్కలేదు’ అని రాసి, మళ్లీ సంతకం పెట్టాను.