మంచం కింద జూనీ

మా కెంటకీ కొండల్లో నా అంత అబద్ధాలకోరు లేడని చెప్పుకుంటారు. అదంతా అసూయ. ఎలుగుబంటితో కుస్తీ పట్టి, అది అలిసిపోతే భుజాన వేసుకుని గుహదాకా దిగబెట్టి వచ్చానంటే నమ్మినవాళ్లు నలుగురున్నారు. వాళ్లలో ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు. ఇప్పుడు చెప్పేది మాత్రం మీరు నమ్మకపోతేనే నాకు మంచిది.

ఆ నవంబరులో, టర్కీ కోడి పండగనాడు, మా అబ్బాయి హార్లన్ ఇంటికి భోజనానికి వెళ్లాను. వెంట మా బావమరిది వర్జిల్. జింకల వేట రోజులు. హార్లన్ తన తుపాకులన్నీ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తాడు, తూటాలు వేరే పెట్టెలో. అది మా కోడలు ట్రెస్సా పట్టుదల. ఆమె గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"మామయ్యా, మీ దగ్గర తుపాకీగానీ ఉందా? ఉంటే ఇచ్చెయ్యండి, బీరువాలో పెడతాను."

ఇంటికొచ్చిన మగవాణ్ణి అలా అడగడమంటే మా వైపు దొంగని సోదా చేసినట్టే. నాకు ఒళ్లు మండింది.

"నా దగ్గరా? ఈ వయసులో నేను మోసేది కట్టుడు పళ్లొక్కటే తల్లీ. వాటితో ఇంతవరకూ ఎవర్నీ చంపలేదు."

వర్జిల్ కిసుక్కున నవ్వాడు. ఐదేళ్ల మనవరాలు జూనీ తల్లి చెయ్యి పట్టుకుని నా నోటివంకే చూస్తోంది.

కోటు విప్పి పడకగదిలో మంచం మీద పడేశాను. చుట్టాల కోట్లన్నీ అక్కడే గుట్టగా పడతాయి, పిల్లలు ఆ గుట్టలో దూరి ఆడుకుంటారు. చిన్నప్పుడు నేనూ ఆడాను. నా కోటు లోపలి జేబులో రివాల్వరు ఉంది. ఆరు తూటాలూ నింపే ఉంది. ముసలి వేళ్లకు నొప్పి పుడుతోందని దాని ట్రిగ్గర్‌ని కూడా తేలిక చేయించాను.

భోజనాల బల్ల దగ్గర హార్లన్ వండిన కోడిని ముక్కలు కోస్తున్నాడు. నేను కథ చెబుతూ ఎలుగుబంటి దగ్గరికి వచ్చాను. అంతలో గోడ పేలింది.

పలుచటి చెక్కగోడను చీల్చుకొచ్చిన తూటా వర్జిల్ తొడలో దిగింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. రక్తం ఎగజిమ్మి కోడిమీదా పులుసుగిన్నెలోనూ నా కళ్లజోడుమీదా పడింది. హార్లన్ కత్తి పారేసి, బెల్టు లాగి తొడకు బిగించాడు. వర్జిల్ దున్నపోతులా రంకె వేశాడు. ఈనాటికీ కుంటుతాడు.

"జూనీ ఎక్కడ?" అంది ట్రెస్సా.

పడకగదినిండా మందుగుండు వాసన. పిల్ల కనబడలేదు. మంచం కిందనుంచి ఎక్కిళ్లు. ట్రెస్సా వంగి చూసి, వంగినదల్లా అలాగే వెనక్కి జరిగింది.

"దాని చేతిలోనే ఉంది," అంది.

"తప్పుకో. అది నాదే."

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. నేలమీద బోర్లా పడుకున్నాను. జూనీ గోడకానుకుని తుపాకీని బొమ్మలా రొమ్ముకు హత్తుకుంది. గొట్టం గడ్డం కింద ఆనుతోంది. వేలు ట్రిగ్గర్‌లోనే ఉంది.

"బంగారం, అది ఉత్తదే. తూటాలైపోయాయి. తాతకిచ్చెయ్."

"అబద్ధం. అమ్మకి లేదని చెప్పావు. నేను విన్నా."

"సరదాకన్నానమ్మా."

"నువ్వన్నీ అలాగే చెప్తావు. వర్జిల్ తాత చచ్చిపోయాడు. పోలీసులొస్తారు."

"చావలేదే పిల్లా!" అవతలి గదిలోంచి వర్జిల్ కేక. "కోడి తినకుండా ఎలా చస్తాను!"

ఆ కేకకు పిల్ల అదిరిపడింది. గొట్టం చెవికిందికి జరిగింది. వెనక ట్రెస్సా నా చొక్కాను గుప్పిట్లో నలిపేస్తోంది. డెబ్బై రెండేళ్లలో నోటికి మాట అందకపోవడం అదే మొదలు. ఏ కథ ఎత్తుకున్నా ఆ పిల్ల నమ్మదు.

"అబద్ధం చెప్పాను జూనీ. మీ అమ్మ అడిగితే ఇవ్వాల్సింది. రోషమొచ్చి ఇవ్వలేదు. వర్జిల్‌కి తూటా తగిలింది నావల్లే. అందులో ఇంకా ఐదున్నాయి. నాకు భయంగా ఉంది."

"నీకా?"

"చచ్చేంత."

"నన్ను కొట్టరా?"

"కొట్టేది నన్నే. కావాలంటే చూద్దువుగాని. ముందు వేలు బయటికి తియ్... నెమ్మదిగా. అంతే. ఇప్పుడు కింద పెట్టు."

పెట్టింది. పెట్టి ఊరుకోక, బుద్ధిగా నాకేసి తోసింది. గొట్టం నా ముఖానికి సూటిగా, నేల గరుకుకి ఆగి ఆగి జరుగుతూ వచ్చింది. నేను కదల్లేదు. చేతికందగానే తెరిచి ఐదూ దులిపేశాను.

ట్రెస్సా పిల్లని కాలుపట్టి లాగి ఎత్తుకుంది. నేను లేచేసరికి హార్లన్ వచ్చాడు, మోచేతులదాకా రక్తంతో. గోడవతల నుంచి అంతా విన్నాడు. మొదటి గుద్దుకి నా ముక్కెముక విరిగింది. రెండోదానికి కోట్ల మీద పడ్డాను. జుట్టు పట్టి లేపి మూడోదానికి చెయ్యెత్తాడు.

"హార్లన్!" ట్రెస్సా అరిచింది. "అంబులెన్స్ వచ్చేదాకా ఆ కాలెవరు పట్టుకుంటారు? ముందది చూడు, తర్వాత కొట్టుకుందువుగాని!"

హార్లన్ నన్ను వదిలేసి పరుగెత్తాడు. జూనీ తల్లి భుజంమీంచి నన్ను చూసింది.

"నిజంగానే నిన్నే కొట్టారు తాతా," అంది ఆశ్చర్యంగా.

నేను తడబడుతూ అవతలి గదికి వెళ్లి, మోకాళ్ల మీద కూలబడి, వర్జిల్ తొడను రెండు చేతులా నొక్కిపట్టాను.