తొమ్మిది నిమిషాల లెక్క

సాయంత్రం నాలుగయిందంటే దర్జీ ఇంట్లో కుట్టు మిషను ఆగిపోవాలి. ఇది ఈ మధ్య వచ్చిన కొత్త పద్ధతి. ఆ వేళకి కూతురు గువ్వ గోడవార బల్ల మీద టాబ్లెట్ నిలబెట్టుకుని పాఠానికి కూర్చుంటుంది. మిషను టకటకలు వినబడితే అవతల టీచరమ్మకి చిరాకు. అందుకని ఆ గంటసేపూ దర్జీ గుండీలు కుట్టడం, అంచులు మడవడం లాంటి చేతిపనులు పెట్టుకుని, ఒక చెవి పాఠం మీద పారేసి కూర్చునేవాడు. భిన్నాలంటే ఏమిటో ఆయనకీ ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. చిన్నప్పుడు ఇలా చెప్పేవాళ్లుంటే నేనూ ఎక్కడో ఉండేవాణ్ణని ఒకసారి అంటే, "ఎక్కడ, ఇదే మిషను ముందు, ఇంకాస్త నిటారుగా" అంది భార్య.

ఆవిడ ఊరి చివర శీతల గిడ్డంగిలో పనిచేస్తుంది. గడ్డకట్టిన కూరగాయల పెట్టెలు లెక్కచూసి, ఏ గదిలో ఏవి పెట్టాలో చెప్పి పెట్టించే పని. మొన్నామధ్య కంపెనీ వాళ్లు ఉద్యోగులకి ఇచ్చే సదుపాయాల జాబితాలో రెండు పంక్తులు కలిపారు. ఒకటి ఏడాదికోసారి కళ్ల పరీక్ష, రెండోది పిల్లలకి ఇంట్లోనే ఆన్‌లైన్ ట్యూషన్. ఆవిడ ఆ కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. ఎందుకంటే ఆ ఇంట్లో లెక్కలు రావడం మార్కుల కోసం మాత్రమే కాదు.

గువ్వ లెక్క తప్పు చేస్తే, ఆ తప్పే నిజమైపోయేది.

చిన్నప్పటి నుంచీ అంతే. దర్జీ దగ్గర నూట నలభై నాలుగు గుండీలుంటే, అరవై వాడితే ఎన్ని మిగులుతాయని అడిగాడొకసారి. తొంభై నాలుగని రాసి, కింద రెండు గీతలు గీసింది. డబ్బా తీసి చూస్తే తొంభై నాలుగే. ఆయనకది బాగానే ఉంది. వీధిలో వాళ్లు కూడా ఏదన్నా తక్కువైతే "పాపచేత ఓసారి లెక్క వేయించన్నా" అని వచ్చేవాళ్లు. కానీ తప్పు ఎప్పుడూ మన వైపే జరగదు కదా. ఒకసారి పక్కింటావిడ మేడ మెట్లు పద్దెనిమిదికి బదులు పదహారని రాసింది గువ్వ. పాపం ఆ మనిషి పై రెండు మెట్లూ లేక వారం రోజులు స్టూలెక్కి ఇంట్లోకి వెళ్లింది. కావాలని రాసిన తప్పు పనిచేయదు. సెలవులు అయిదు రోజులైతే యాభై అని రాసుకుంది గువ్వ, ఆరో రోజు బడి మామూలుగానే తెరిచారు. తప్పని తెలియకుండా, ఒప్పేనని నమ్మి రాయాలి.

మొదటి రోజే తల్లి ఈ సంగతి టీచరమ్మకి చెప్పేసింది.

"దిద్దితే సర్దుకుంటుందా?" అని అడిగింది టీచరమ్మ.

"సర్దుకుంటుందండీ."

"అయితే భయం లేదు. చేతిరాత మాత్రం బాగు చేసుకోవాలి."

మెట్ల లెక్క దిద్దగానే మెట్లు వచ్చేశాయి. గుండీల లెక్క దిద్దిన రోజు పది గుండీలు మాయమయ్యాయి. అన్నీ డబ్బాలోవి కావు, మూడు అప్పటికే బట్టలకి కుట్టేసినవి. అందులో ఒకటి ఎవరో పెద్దమనిషి ప్యాంటుకి ఉండేది. ఆయన నడివీధిలో నిలబడి నడుం పట్టుకుని దర్జీ ఇంటి వైపు చూసిన చూపు వీధి వీధంతా చెప్పుకుంది. దిద్దిన తప్పు ఎక్కడున్నా వెనక్కి లాక్కుంటుందని దర్జీకి ఆ రోజు బాగా తెలిసింది.

నెల తిరిగేసరికి గువ్వ భాగహారం దాటి దశాంశాల్లోకి వచ్చింది. ఒక్క పొరపాటు మాత్రం ఇంకా ఉంది. ఒకటి పాయింట్ అయిదు గంటలంటే ఒక గంటా అయిదు నిమిషాలని చదివేది. ఆ మధ్య తల్లికి గంటన్నర అదనపు డ్యూటీ వేస్తే, ఈ పిల్ల లెక్క పుణ్యమా అని గంటా అయిదు నిమిషాలకే అయిపోయింది. "దీన్ని గురువారం చూద్దాం" అంది టీచరమ్మ. గురువారం, పాయింట్ తర్వాత అంకె, అని గువ్వ కాగితం మీద రాసి గోడకి అంటించింది.

ఆ గురువారమే వచ్చింది.

పొద్దున భార్య పనికి వెళ్తూ కొక్కేనికి వేలాడుతున్న తన చలి జాకెట్ వైపు చూసింది. దాని జిప్పు సోమవారం ఊడింది.

"ఇవాళ కూడా కుట్టలేదా?"

"యూనిఫాంల పని మీద పడిందే. సాయంత్రానికి కుట్టేస్తా."

"సాయంత్రమంటే ఇవాళ్టిదేనా, లేక ఏదో ఒకటా?" అని ఆవిడ ముసిముసిగా నవ్వి, గిడ్డంగిలో ఎవరికైనా ఇచ్చే పలచటి జాకెట్‌తో సర్దుకుంటానని వెళ్లిపోయింది.

నాలుగూ పదికి ఫోన్ మోగింది. గిడ్డంగి సూపర్‌వైజర్.

"అన్నా, కంగారు పడకు."

ఆ మాట విని కంగారు పడనివాడు ఎవడుంటాడు? దర్జీ చేతిలో సూది కిందపడింది.

"వదిన నాలుగో గదిలో ఉండగా తలుపు పట్టా తప్పి ఇరుక్కుంది. లోపలి గొళ్లెం పనిచేయట్లేదు. మూరెడు మందం తలుపన్నా, మేం అయిదుగురం లాగినా కదల్లేదు. ఫ్యాన్లు ఆపేశాం, కానీ లోపల మైనస్ ఇరవై."

"ఎంతసేపయింది?"

"నాలుగుకి అయిదు నిమిషాల ముందు. డాక్టర్ని అడిగాం. ఆ పలచ జాకెట్‌తో అరగంట అంటున్నారు."

"తలుపు బాగుచేసేవాడు?"

"ఇంకో గిడ్డంగిలో ఉన్నాడు. ముప్ఫై ఆరు కిలోమీటర్లు. నాలుగూ ఎనిమిదికి బయల్దేరాడు. ఆ రోడ్డు మీద గంటకి నలభై కంటే రాదు." సూపర్‌వైజర్ గొంతు తగ్గింది. "ఫోన్ తలుపుకి ఆనిస్తాను. లోపల నుంచి కొడుతోంది, వినన్నా. పెట్టెయ్యకు."

ఠక్. కాసేపటికి మళ్లీ ఠక్.

దర్జీ కళ్లు కొక్కేనికున్న జాకెట్ మీద పడ్డాయి. తిప్పుకుందామంటే తిరగలేదు. అప్పుడే బల్ల దగ్గర నుంచి టీచరమ్మ మాట వినబడింది. "ఇప్పుడు జాగ్రత్తగా విను. పాయింట్ తర్వాత ఉండే అంకెని మనం..."

దర్జీ ఒక్క అంగలో వెళ్లి టాబ్లెట్‌ని అరచేత్తో మూసేశాడు.

"నాన్నా, పాఠం!"

"దాహమేస్తోందమ్మా. లోపల నుంచి మంచినీళ్లు పట్టుకురా. కడిగిన గ్లాసులో."

"మీ పక్కనే చెంబుంది కదా."

"అది వెచ్చగా ఉంది. వెళ్లు తల్లీ."

పిల్ల గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. దర్జీ చెయ్యి తీసి, వంగి, ఫోనులో చెప్పింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. టీచరమ్మ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. అసలు అడగాల్సిందేమిటో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది.

"ముప్ఫై ఆరుని నలభై పెట్టి భాగిస్తే సున్నా పాయింట్ తొమ్మిది," అంది. "అంటే యాభై నాలుగు నిమిషాలు. మీ అమ్మాయికి మాత్రం..."

"తొమ్మిది."

"పాఠం ఇంకా చెప్పలేదు కాబట్టి." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "కానీ చూడండి, మిగతాదంతా నేను సరిగ్గానే నేర్పాను. అయినా తొందరలో కిందా మీదా చేసి భాగిస్తే గంట దాటిపోతుంది. ఆ సంగతి మీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఆ తర్వాత తప్పు కళ్లముందు పెట్టుకుని నేను నోరు మూసుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా మూసుకోలేదు. ఇవన్నీ రికార్డవుతాయి కూడా."

"టీచర్ గారూ," అన్నాడు దర్జీ. ఫోన్ ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నాడు.

ఠక్. ఆ తర్వాతిది చాలాసేపటికి గానీ రాలేదు.

గువ్వ నీళ్లు తెచ్చింది. దర్జీ గ్లాసందుకుని గటగటా తాగేశాడు. నిజంగానే దాహమేసింది.

"అమ్మాయీ, పాఠానికి ముందు ఒక చిన్న లెక్క చేద్దాం," అంది టీచరమ్మ. గొంతు మామూలుగానే ఉంది, ఎలా ఉందో మరి. "ఒక మెకానిక్ ముప్ఫై ఆరు కిలోమీటర్ల దూరం నుంచి వస్తున్నాడు. గంటకి నలభై కిలోమీటర్లు. ఎన్ని నిమిషాల్లో చేరతాడు?"

"ఎందుకొస్తున్నాడు మేడమ్?"

"తలుపు బాగుచేయడానికి."

"ఆహా." గువ్వ పెన్సిల్ కొరికి, నోట్సులో రాయడం మొదలుపెట్టింది. దర్జీ వెనకాల నిలబడ్డాడు. ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. నలభై పైన రాసింది. తల అడ్డంగా ఊపి కొట్టేసింది. ముప్ఫై ఆరు పైన, నలభై కింద. సున్నా, పాయింట్. నలభై తొమ్ముళ్లు మూడు వందల అరవై అని గొణిగింది.

"సున్నా పాయింట్ తొమ్మిది గంటలు."

"నిమిషాల్లో అడిగానమ్మా."

గువ్వ పెన్సిల్ ఆగింది. ఫోన్‌లో చప్పుడు కూడా ఆగింది. దర్జీ మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఏడు, ఎనిమిది. గోడ గడియారంలో నాలుగూ పదిహేను.

"మేడమ్, గంటకి అరవై నిమిషాలు కదా?"

టీచరమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. "అవును," అంది.

దర్జీ కళ్లు మూసుకున్నాడు. ఆ అరవై పట్టుకుని ఇంకొక్క అడుగు వేసిందంటే యాభై నాలుగు. తెలివైన పిల్ల అవ్వాలని ఎంత కోరుకున్నాడో, ఆ నిమిషాన అది మూర్ఖంగా ఉండాలని అంత కోరుకున్నాడు. కన్నతండ్రికి రాకూడని కోరిక.

"జవాబు రాసే ముందు అది నమ్మేలా ఉందో లేదో చూసుకోవాలన్నారుగా," అంది గువ్వ. "సున్నా పాయింట్ తొమ్మిది అంటే గంటలోపే. తొమ్మిది నిమిషాలు కూడా గంటలోపే. సరిపోయింది." తొమ్మిది నిమిషాలు అని గుండ్రంగా రాసి, స్కేలు పెట్టి కింద రెండు గీతలు గీసింది. "కరెక్టేనా మేడమ్?"

టీచరమ్మ తెర మీద కదలకుండా ఉంది. నెట్ ఆగిందేమోననుకునేంత కదలకుండా.

"తర్వాతి పేజీ తిప్పు," అంది.

నాలుగూ పదహారు. దర్జీ గడియారం కింద నిలబడ్డాడు. చెవిలో ఏమీ వినబడలేదు. పదహారుకీ పదిహేడుకీ మధ్య ముల్లు అన్నిసార్లు టిక్కుమంటుందని ఆయనకి ఇన్నేళ్లలో తెలియదు.

నాలుగూ పదిహేడు. ఫోన్‌లో ఏదో బండి కీచుమని ఆగింది. ఎవరో పరిగెత్తారు. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుళ్లు, అరుపులు, పెద్దగా ఏదో జారిన రొద. దర్జీ మూడు నిమిషాలు గడియారం కిందే నిలబడి విన్నాడు.

"అన్నా, తలుపు వచ్చేసింది. వదిన బయటికొచ్చింది. దుప్పట్లు కప్పాం. పెదాలు నీలంగా ఉన్నాయి గానీ మాట్లాడుతోంది, తిడుతోంది కూడా." సూపర్‌వైజర్ ఊపిరి తీసుకుని అడిగాడు. "మీ పాప క్లాసులో ఉందా?"

"ఉంది."

"అదే అనుకున్నా. మెకానిక్ అయితే మొదటి మలుపు తిరిగానంతే అంటున్నాడు."

చీకటి పడకముందే గిడ్డంగి వాళ్లు ఆవిడని కారులో తెచ్చి దింపారు. వేడి నీళ్ల సీసా పొట్టకి పెట్టుకుని కూర్చుని, ఇంట్లో జిప్పు సంగతి అందరి ముందూ రెండుసార్లు, దర్జీ ఒక్కడి ముందు మూడోసారి చెప్పింది. ఆయన అప్పుడే జిప్పు వేశాడు, జంట కుట్టుతో.

మర్నాడు నాలుగింటికి టీచరమ్మ పాయింట్ తర్వాత అంకె గురించి చెప్పింది. గువ్వ చప్పున పట్టేసింది. "అయ్యో, అయితే నిన్నటిది తప్పు కదా," అంటూ ఎర్ర పెన్ను తీసి పేజీలు వెనక్కి తిప్పడం మొదలెట్టింది. పక్కన మంచం మీద తల్లి వేడి పాలు తాగుతోంది. ఆవిడ చేతిలో గ్లాసు చుట్టూ సన్నగా మంచు పేరుకోవడం దర్జీ చూశాడు.

"వెతక్కు," అన్నాడు. గొంతు మరీ పెద్దగా వచ్చింది. "ఆ పేజీ లేదు."

"ఎక్కడికి పోయింది?"

"రాత్రే చించాను."

గువ్వ తండ్రిని చూసింది, తెరలో టీచరమ్మని చూసింది. ఇద్దరూ తనని చూడట్లేదు. పెన్ను మూత పెట్టింది. తల్లి గ్లాసు మీద మంచు కరిగి నీళ్లయి ఒళ్లో పడింది. "ఈ గ్లాసేంటి కారుతోంది?" అని విసుక్కుంది ఆవిడ.

వారం తిరక్కుండా ట్యూషన్ కంపెనీ నుంచి కబురొచ్చింది. గురువారం పాఠంలో ఒక తప్పు దిద్దకుండా వదిలేశారు, మూడు రోజుల్లో పిల్లచేత దిద్దించాలి, లేకపోతే టీచరు పేరు మీద ఎర్రగుర్తు పడుతుంది అని. టీచరమ్మ ఆ ఉత్తరాన్ని పాఠం మొదట్లో దర్జీకి చదివి వినిపించింది.

"ఏం రాశారండీ జవాబు?" అన్నాడు దర్జీ భయపడుతూనే.

"ఆ లెక్క ఒప్పేనని రాశాను. మెకానిక్ నాలుగూ ఎనిమిదికి బయల్దేరాడు, నాలుగూ పదిహేడుకి చేరాడు. కావాలంటే గిడ్డంగి వాళ్లని అడగమన్నాను." ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఎర్రగుర్తు వేశారనుకోండి. వెయ్యనివ్వండి. సరే, పొట్టిదాన్ని పిలవండి, శాతాలు మొదలుపెట్టాలి."

గువ్వ ఇప్పుడు లెక్క తప్పదు. వీధిలో వాళ్లు రావడం మానేశారు, గుండీలు ఎన్ని ఉండాలో అన్నే ఉంటున్నాయి. తల్లి నాలుగో గదిలోకి వెళ్లేటప్పుడు జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కుంటుంది. అప్పుడు ఎడమవైపు అస్తరు లోపల నుంచి చిన్న గరగర వినిపిస్తుంది.

"లోపల ఏం పెట్టి కుట్టారు, కాగితంలా ఉందీ?" అని అడిగిందొకసారి.

దర్జీ మిషను తొక్కడం ఆపలేదు.

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు. "విప్పకు."